పినాకినీ తీరపు కరువు, ఉత్తరదిశా హిమము

నందిగిరి పంక్తులలోని చెన్నకేశవగిరియందు జన్మించి ఉత్తరాభిముఖముగా సాగు పినాకిని, మంచేనహళ్ళి, గౌరిబిదనూరు సీమలను దాటి, హిందూపురము మీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించి, మొత్తము 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరి కావల సముద్రమున గలియునని భూగోళ గ్రంథములు చెప్పును. కాని ఆ నది పుట్టినింటివారు దానిని ఇసుకగా చూచిన దినములే యెక్కువ. ఏటికి 700 మిల్లీమీటర్లకు అటునిటుగా కురియు వాన, అందునను పెద్దభాగము భాద్రపదాశ్వయుజములలోనే వచ్చునట్టిది, వాలునేలలపై నిలువక జారిపోవును గనుక, పూర్వులు వాగువాగునకును కట్ట వేసి, మీదిచెరువు మరవ పారిన నీరు క్రిందిచెరువును నింపునట్లు గొలుసుగా చెరువులను నిర్మించి, తూము విప్పుటకును మూయుటకును నీరుగట్టిని నియమించి, ఆయకట్టున వరియు, మెట్టను రాగియు పండించుకొనిరి. కన్నడరాజ్యమున నుండియు ఇంట తెలుగు మాటాడు ఈ ప్రాంతపు కుటుంబములకు, అప్పునకును పెండ్లికిని గూడ చెరువు నీటిమట్టమే ప్రమాణము.

ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, ఆ వాన తప్పెను. మరుసటి యేటను సకాలమున కురియలేదు. అప్పుడు మైసూరు సంస్థానము ఆంగ్లేయ కమిషనర్ల పాలనలో నుండెను. 1871 జనగణనమున 50 లక్షల 55 వేలుగా నున్న సంస్థాన ప్రజాసంఖ్య, పదేండ్లకు పెరుగుటకు బదులు, 1881 నాటికి 41 లక్షల 86 వేలకు దిగిపోయెను. ఈ రెండంకెల నడుమనున్న లోటు ఎన్ని యూళ్ళ నిప్పులు చల్లార్చెనో తలచినప్పుడు, ఆ దశాబ్దమును రాజుల మార్పులతోను శాసనములతోను మాత్రమే వర్ణించు చరిత్రలు నాకు చాల కొఱతగా తోచును.

ఆ మరణములనుండియే ఒక శాస్త్రము బలపడెను. 1875లో ఏర్పడిన భారత వాతావరణశాఖకు అధిపతిగా నుండిన హెన్రీ బ్లాన్‌ఫర్డ్, వాన తప్పుటకు కారణమును ఆకాశమున మాత్రమేగాక నేలమీదను వెదకి, హిమాలయములపై శీతకాలమున మంచు మిక్కుటముగా గురిసిన యేట, అది కరగువఱకు నేల వేడెక్కక, పొడిగాలులు వీచి వర్షము సన్నగిల్లుచున్నదని 1884లో ప్రకటించెను. 1886 నుండి ఋతుపవన సూచనలు క్రమముగా వెలువడసాగెను. తరువాత గిల్బర్ట్ వాకర్ 1909లో గణితసూత్రముచే వర్షమును ముందుగా చెప్ప బూనినప్పుడు, ఆ హిమరాశిని గూడ తన ఆధారములలో చేర్చుకొనెను. కాలక్రమమున ఆ సంబంధము సడలినట్లు కనబడుటచే దానిని గూర్చిన విశ్వాసమును సన్నగిల్లెను.

ఉపగ్రహములు వచ్చిన పిదప ప్రశ్న మరల మేల్కొనెను. 1976లో హాన్, జగదీశ్ శుక్లా అనువారు యూరేషియా ఖండపు మంచు విస్తీర్ణమును ఉపగ్రహచిత్రములనుండి కొలిచి, మంచు హెచ్చిన శీతకాలమునకు పిదప మన ఋతుపవనము బలహీనమగుచున్నట్లు చూపిరి. వారు పరిశీలించినది 52వ అక్షాంశమునకు దక్షిణమున నున్న మంచు. దానికి ఎంతో ఉత్తరమున, చెట్లు మొలవని టండ్రా యున్నది. అందుచేత టండ్రా మంచు కరగిన మంచేనహళ్ళికి వాన హెచ్చునని గాని తగ్గునని గాని సూటిగా లెక్కవేయుట పొరపాటు. ఈ బంధము ప్రాంతమును బట్టి, దశాబ్దమును బట్టి మారుచున్నదని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

టండ్రాకు మనతో గల అసలు బంధము దాని మట్టిలో నున్నది. సహస్రాబ్దములుగా గడ్డకట్టియున్న ఉత్తరభూములలో సుమారు 1 లక్షా 50 వేల కోట్ల టన్నుల కర్బనము, అనగా వాయుమండలమున నున్నదానికి దాదాపు రెండింతలు, కుళ్ళక నిలిచియున్నది. ఆ నేల కరగినచోట సూక్ష్మజీవులు మేల్కొని ఆ పురాతన తృణమూలములను జీర్ణించుకొని, అంగారవాయువును మీథేనును వెలువరించును. ఆ వాయువులకు ఎల్లలు లేవు గనుక సైబీరియాలోని కోలిమా నదీతీరపు నేల కరగుట పినాకినీ తీరపు ఎండను గూడ పెంచును. ఆ తీరపు చెర్‌స్కీ పరిశోధనా కేంద్రమున దశాబ్దములు గడపిన సెర్గేయ్ జీమోవ్ సహచరులతో గూడి 2006లో ఈ నిక్షేపమును గూర్చి ప్రపంచమును హెచ్చరించెను. 1979 నుండి ఆర్కిటిక్ ప్రదేశము తక్కిన భూగోళముకంటె దాదాపు నాలుగింతల వేగమున వేడెక్కుచున్నది; వేడికి పెరిగిన పొదలు మంచుపైకి తలయెత్తి, తెల్లని నేలను నల్లబరచి, మఱింత యెండను గ్రహింపజేయుచున్నవి. మనదేశమును 2008లో స్వాల్‌బార్డ్ దీవులందలి నీ-ఓలెసున్‌లో హిమాద్రి యను పరిశోధనాలయమును స్థాపించినది. దానిని దూరదేశపు విలాసముగా తలచువారున్నారు. ధాత కరువు నెఱిగినవారు అట్లు తలపజాలరు.

2021 నవంబరు వర్షములకు పినాకిని పుట్టిన చిక్కబళ్ళాపుర ప్రాంతమున అనేక చెరువులు మరవ పారినవి. రెండేండ్లు తిరుగకమునుపే, 2023లో, కర్ణాటక ప్రభుత్వము తన 236 తాలూకాలలో 223 కరువు పీడితములని ప్రకటించెను.