మిద్దె మీద వేసవి

ఏ రాజు ఏ కోటను ఏ ఏట పట్టుకున్నాడో చరిత్ర పుస్తకాల్లో భేషుగ్గా దొరుకుతుంది. ముట్టడి సాగిన నెలల్లో కోట లోపలి ఇళ్ళల్లో ఏం కూర వండుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టరు. 2020 లాక్‌డౌన్ కూడా ఒక ముట్టడే కదా! అందుకే కర్నూలు, కడప వైపు ఇళ్ళ సంగతి మరుపున పడకముందే కాస్త చెప్పుకుందాం.

మన సీమకు అంటువ్యాధులు కొత్త కాదు. వెనక ప్లేగు రోజుల్లో ఇంట్లో ఎలుక రాలిందంటే జనం తట్టాబుట్టా సర్దుకుని, ఊరు ఖాళీ చేసి, పొలాల్లో గుడిసెలు వేసుకునేవాళ్ళు. అప్పుడు ఇల్లు వదిలితే బతుకు. 2020లో ఇల్లు పట్టుకుని ఉంటే బతుకు. మూటలు కట్టే పని తప్పింది గానీ, ఇంటిల్లిపాదికీ మూడు పూటలా వండి వార్చే పని ఎవరికి తప్పింది?

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. తెల్లవారితే ఉగాది. శార్వరి అంటే రాత్రి అని అర్థమట. పేరుకు తగ్గట్టే వచ్చిందా సంవత్సరం! దేవుని కడపలో ఏటా ఉగాదినాడు ముస్లిములు కొబ్బరికాయలు పట్టుకుని వేంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అని వాళ్ళ భావన. ఆ ఏడు గుడి తలుపులు భక్తులెవ్వరికీ తెరవలేదు. పుట్టింటివాళ్ళు గడప తొక్కని ఉగాది అది. ఒంటిమిట్టలో వెన్నెట్లో, వేలమంది ఎదుట జరిగే రాములవారి కల్యాణం కూడా ఏప్రిల్‌లో గుడి లోపలే, ఏకాంతంగా జరిగిపోయింది.

మొదట ఇరవై ఒక్క రోజులే అన్నారు. అది మే 3 అయింది, 17 అయింది, 31 అయింది. నాలుగు రోజులుండి పోతానని వచ్చిన చుట్టం లాగా!

ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో ఎక్కువ కేసులు కర్నూలు జిల్లావే. జిల్లా రెడ్ జోన్. కడప ఆరెంజ్ జోన్. అంగళ్ళు తెరిచేది పొద్దున కొన్ని గంటలే. అయినా కరువుసీమ ఆడవాళ్ళకు డబ్బా అడుగు కనిపించకుండా నెట్టుకురావడం ఒకరు నేర్పాలా? చెనిక్కాయలు, కొర్రలు, ఎండుమిరపకాయలు ఇంట్లో ఉంటే సగం దిగులు తీరినట్టే. హోటళ్ళు మూతపడేసరికి ఉగ్గాని ఇంటికి నడిచొచ్చింది. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాలింపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లితే అయిపోయె. 'బజ్జీ లేకుండా ఉగ్గాని ఏమిటి?' అని పీట మీద కూర్చుని అడిగిన మగవాళ్ళూ ఉన్నారు లెండి. మిరపకాయలు చీరే పని వాళ్ళకే అప్పగించిన ఇల్లాళ్ళకు నా నమస్కారం.

అసలు సుఖం సాయంత్రాలది. పొద్దు వాలగానే మిద్దె మీద నాలుగు బిందెల నీళ్ళు చల్లి, చాపలు పరిస్తే ఆ వేడి నేల నుంచి లేచే వాసన ఉందే, దానికి ఏ అత్తరూ చాలదు. సుద్దముక్కతో గీసిన పులిజూదం, చింతపిక్కలతో అష్టాచెమ్మా. వీధిలో మాట్లాడుకోవడానికి వీల్లేదు గనుక మాటలు మిద్దెలెక్కాయి.

"ఏమక్కా, ఈపొద్దు ఏం జేసినావు?"

"ఏముందిలేమ్మా, సంగటి, ఊరిబిండి."

మార్చి 28 నుంచి దూరదర్శన్ మళ్ళీ రామాయణం వేసింది. 1987లో లంగావోణీల్లో చూసినవాళ్ళు ఈసారి మనవరాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూశారు. ఏప్రిల్ 25న రంజాన్ ఉపవాసాలు మొదలయ్యాయి. నమాజులు ఇళ్ళల్లోనే, మే 25న పండుగ కూడా ఇళ్ళల్లోనే. ఈద్గాకు పోలేదు గానీ, సేమ్యా మాత్రం పొయ్యి మీదికి ఎక్కింది.

మిద్దె లేనివాళ్ళ సంగతీ చెప్పాలి. కోసిగి, ఆదోని వైపు నుంచి ఏటా ఎందరో గుంటూరు మిరప చేలకు 'సుగ్గి'కి పోతారు. ముసలివాళ్ళనూ బడి పిల్లలనూ ఊళ్ళో వదిలి పోతారు. ఆ వేసవిలో బస్సులు ఆగిపోయి చాలామంది అక్కడే చిక్కుకున్నారు. మిరప కోతలు అయిపోయాయి, కూలి లేదు, నెత్తిన ఎండ. సాయంత్రం ఫోన్లో పిల్లల గొంతు వినడం తప్ప ఆ తల్లులకు వేరే పండుగ ఏముంది? మనం అష్టాచెమ్మా ఆడిన సాయంత్రాలే అవీను.

లాక్‌డౌన్ సడలినా భయం సడలలేదు. నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు వచ్చాయి. పన్నెండేళ్ళకోసారి వచ్చే పుష్కరం! కర్నూలు పక్కనే నది, ఘాట్లు సిద్ధం. అయినా నదిలో మునగడానికి అనుమతి లేదు. ఒడ్డుదాకా పోయినవాళ్ళు నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకుని వచ్చారు. తీరిగ్గా మునగాలంటే మళ్ళీ పుష్కరం 2032లో.