సమస్య పరిష్కారమైపోయిందట!

నడికుడిలో మా మేనత్తకి ఒక పాత ట్రంకుపెట్టె వుండేది. దాన్నిండా ‘సోవియట్ భూమి’ సంచికలు. ఆ నున్నటి కాగితాలు మా నోటుపుస్తకాలకి అట్టలయ్యేవి. వాలెంతీనా తెరిష్కోవా బొమ్మ వున్న పేజీ మాత్రం అత్తయ్య ముట్టనిచ్చేది కాదు. 1963లో అంతరిక్షం చూసొచ్చిన ఆడమనిషి మరి! 1968 నుంచి 1987 దాకా సోవియట్ మహిళా కమిటీ అధ్యక్షురాలు కూడా ఆవిడే.

“ఆకాశం దాకా వెళ్ళినావిడ కూడా కిందికి దిగాక పార్టీ చెప్పిందే చెప్పాలిరా అబ్బాయ్” అనేది అత్తయ్య.

ఆ మాట నాకు చాలా ఏళ్ళకి గానీ అర్థం కాలేదు. రష్యాలో విప్లవం తర్వాత, 1919లో, పార్టీలోనే ‘జెనొత్‌డెల్’ అని స్త్రీల శాఖ పెట్టారు. మొదట ఇనెస్సా అర్మాండ్, ఆవిడ పోయాక అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ నడిపారు. ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించారు, శిశుశాలలు పెట్టించారు. మొగ కార్యకర్తలు వెటకారాలాడినా ఖాతరు చెయ్యలేదు. 1930లో ఆ శాఖని మూసేశారు. కారణమేమిటయ్యా అంటే, స్త్రీల సమస్య పరిష్కారమైపోయిందట! ఎవరింట్లో అయిందో అడగడానికి శాఖంటూ వుంటేగా! తూర్పు జర్మనీ మహిళా సంఘానికైతే పార్లమెంటులో సీట్లే కేటాయించారు. వోటు మాత్రం పార్టీ గీసిన గీత దాటేది కాదు.

మన దగ్గర ఆ పార్టీ చేతిలో రాజ్యం లేదు. అయినా కథ మరీ వేరుగా లేదు. మాకు కృష్ణ దాటితే నల్గొండ జిల్లా. అక్కడ మల్లు స్వరాజ్యం లాంటివాళ్ళు తుపాకి పట్టారు. 1951 అక్టోబరులో పోరాటం ఆపేశారు. ఆ స్త్రీల చేతనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ఇక ఇళ్ళకెళ్ళి సంసారాలు చేసుకోమన్నారని అందులో వాపోయినవాళ్ళున్నారు. కొండపల్లి కోటేశ్వరమ్మగారు వొంటిమీది బంగారం పార్టీకిచ్చి, అజ్ఞాతవాసం చేసి, చివరికి కాకినాడలో హాస్టలు మేట్రనుగా బతుకు వెళ్ళదీశారు. ఆ కథ ‘నిర్జన వారధి’గా అచ్చయ్యేసరికి 2012 వచ్చింది, ఆవిడకి తొంభై దాటాయి.

న్యాయం చెప్పాలంటే, ఆ పార్టీ పిలవకపోతే వీళ్ళలో చాలామందిని గడప దాటనిచ్చేదెవరు? మా అత్తయ్య సంతకం నేర్చుకుంది కూడా మహిళా సంఘం రాత్రిబడిలోనే. ఆ సంఘం చందాల పుస్తకం అదే పెట్టెలో, అట్టడుగున దొరికింది. సగం దాకా చందాలే. ఆ తర్వాతి పేజీలన్నీ పాలలెక్కలు, చాకలి పద్దులు. అన్నీ ఆ సంఘం నేర్పిన అక్షరాలతోనే.