కర్ణుడా, అర్జునుడా? - ధర్మవురం అగ్రహారం నాటి తగవు

2024 జూన్ 27న "కల్కి 2898 ఏడీ" విడుదలయ్యాక కొన్ని వారాలపాటు తెలుగువారి మధ్య ఒక పాత తగవు కొత్తగా రాజుకొంది. అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా, విజయ్ దేవరకొండ అర్జునుడిగా కనిపించిన ఆ చిత్రం చివర ప్రభాస్ పాత్ర కర్ణుడని తేలింది. ఇక చూడండి! కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని అభిమానులు రెండు పక్షాలుగా చీలిపోయారు. ఒకరు కవచకుండలాల దానాన్ని ముందుకు తెస్తే, వేరొకరు ఘోషయాత్రలో గంధర్వుల చేతిలో కర్ణుడు ఓడి తొలగిపోయిన వైనాన్ని గుర్తుచేశారు. ఒకరు పరశురాముని శాపం అంటే, మరొకరు ఉత్తర గోగ్రహణం అన్నారు.

దీన్ని చూసి కొందరు పెద్దలు నొచ్చుకొన్నారు. హాలీవుడ్ అతిమానవ వీరుల దండు చిత్రాలు చూసి చూసి మన పిల్లలు భారతాన్ని కూడా అదే కొలబద్దతో కొలుస్తున్నారని వారి బాధ. 2012లో మొదలైన "అవెంజర్స్" పరంపర మనకు తెలియనిది కాదు. 2019 నాటి చిత్రంలో థానోస్‌కు రానా తెలుగు గొంతు ఇచ్చాడు కూడా. ఎవరి బలం ఎంత, ఎవరితో ఎవరు తలపడితే ఎవరు గెలుస్తారు అన్న ముచ్చట ఆ చిత్రాలతోనే మన యింటికి వచ్చిందని అనుకోవడం సులభమే.

చరిత్ర మాత్రం వేరుగా చెబుతోంది. ఈ తగవుకు వెయ్యేళ్ళు దాటిన వయసుంది. దాని తొలి ఆనవాళ్ళు దొరికేది నేటి జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాల నేల మీదనే.

పదవ శతాబ్దిలో ఈ ప్రాంతాన్ని వేములవాడ చాళుక్యులు ఏలారు. రాష్ట్రకూటులకు సామంతులు వారు. వారిలో రెండవ అరికేసరి ఆస్థానకవి పంపడు. కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడే. క్రీ.శ. 902లో పుట్టాడు, అతని పూర్వులు వేంగి సీమవారు, బ్రాహ్మణ కుటుంబం, తండ్రి కాలానికి జైనం స్వీకరించారు. 941లో "ఆదిపురాణం" రచించాడు. దానితోపాటు భారతకథను "విక్రమార్జున విజయం" పేరిట చంపూకావ్యంగా కన్నడంలో నిర్మించాడు. నన్నయకు సుమారు నూరేళ్ళ ముందటి మాట ఇది. అంటే మనకు దొరికినంతలో తెలుగు నేల మీద పుట్టిన తొలి భారతకావ్యం తెలుగుది కాదు, కన్నడానిది.

ఆ కావ్యానికి బహుమానంగా అరికేసరి కవికి ధర్మవురం అనే అగ్రహారాన్ని ఇచ్చాడు. గోదావరి ఒడ్డున నరసింహస్వామి వెలసిన నేటి ధర్మపురే ఆ ధర్మవురమని చరిత్రకారులలో పలువురు నిర్ణయించారు. అందరూ ఒప్పుకొన్న మాట కాదు గాని, ఈ ప్రాంతపు వారికి అది ఇష్టమైన మాట, యుక్తికి నిలిచే మాట కూడా.

అగ్రహారం ఊరికే రాలేదు. కావ్యం పేరులోనే ఉంది రహస్యం. పంపడు తన ప్రభువు అరికేసరిని అర్జునునితో అభేదంగా చిత్రించాడు. కథానాయకుడు అర్జునుడు, అంటే అరికేసరి. అందుకోసం కథను కొంత మార్చవలసి వచ్చింది. ద్రౌపది అయిదుగురికి కాక అర్జునునికి ఒక్కనికే భార్య అయింది. యుద్ధం ముగిశాక పట్టాభిషేకం ధర్మరాజుకు కాక అర్జునునికి జరిగింది, పక్కన సుభద్ర పట్టపురాణి. పోషకుని ముఖం నాయకునికి అతికిస్తే మిగిలిన అన్నదమ్ములు పక్కకు జరగక తప్పదు. నేటి భాషలో చెప్పాలంటే, వీరుల బృందం కథను ఒకే కథానాయకుని చిత్రంగా మార్చడం.

ఇంతవరకే అయితే పంపడు ఒక రాజకవి మాత్రమే. కాని కావ్యం నడుస్తున్నకొద్దీ కవి మనసు వేరొకని మీదికి పోయింది. ఆ వేరొకడు కర్ణుడు. భారతంలో ఒక్కణ్ణి తలవదలచుకొంటే కర్ణుణ్ణి తలవండి అన్న అర్థం వచ్చే పద్యం ఒకటి, అర్జునుని కీర్తించడానికి నియమితుడైన ఆ కవి కలం నుండే వెలువడింది. అది నేటికీ కన్నడనాట అందరి నోటా ఉన్న పద్యం. కూలి అర్జునునిది, కన్నీరు కర్ణునిది! ప్రభువు ముందు చదివిన కావ్యంలో ప్రభువు ప్రతిరూపానికి ప్రత్యర్థి అయినవానిని అంతగా పొగడడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. విని సహించి అగ్రహారమిచ్చిన అరికేసరిని కూడా కొంత మెచ్చుకోవాలి.

ఇంకొక పద్యంలో పంపడు భారతవీరులను వరుసగా నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణాన్ని కేటాయించాడు. పట్టుదలలో దుర్యోధనుడు, సత్యంలో కర్ణుడు, పౌరుషంలో భీముడు, బలంలో శల్యుడు, ఔన్నత్యంలో భీష్ముడు, విలువిద్యలో ద్రోణుడు, సాహసంలో అర్జునుడు, ధర్మంలో ధర్మరాజు. వీరి వలన భారతం లోకపూజ్యమైంది అంటాడు. ఈ జాబితాలో పాండవ కౌరవ భేదం లేదు. తొలిపేరు దుర్యోధనునిది. ఎవరు గొప్ప అన్న ప్రశ్ననే పంపడు మార్చివేశాడు: ఎవరు దేనిలో గొప్ప? దండు కథలను అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి సూత్రం నాకింతవరకు కనబడలేదు.

అభిమానుల తగవులు కూడా పంపనితోనే మొదలయ్యాయి. దుర్యోధనునితో తన స్నేహాన్ని కర్ణుడు తలచుకొనే సందర్భంలో భానుమతి పాచికలాట పద్యం ఒకటుంది. ఆటలో ఓడిన భానుమతి హారాన్ని పట్టిలాగినది ఎవరు? కర్ణుడా, దుర్యోధనుడా? పద్యంలోని అన్వయం రెండు విధాలుగానూ కుదురుతుంది. కన్నడ పండితులు ఈ ఒక్క పద్యం మీద చాలాకాలం వాదించుకొన్నారు. ఒక పాత్ర శీలం ఒక విభక్తి మీద ఆధారపడినప్పుడు పండితులు కూడా అభిమానులే అవుతారు.

పంపని తమ్ముడు జినవల్లభుడు. కరీంనగర్ జిల్లా గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట మీద చక్రేశ్వరిని, జైన తీర్థంకరులను చెక్కించి, కింద సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం వేయించినది అతడే. క్రీ.శ. 945 ప్రాంతం నాటిది. అన్నకు అరికేసరి ధర్మవురాన్ని ఇచ్చిన సంగతి ఆ రాతి మీద ఉంది. అన్న బిరుదైన "కవితాగుణార్ణవం" పేరుతో ఒక చెరువును తవ్వించిన సంగతి కూడా ఉంది. చివరనున్న మూడు తెలుగు పద్యాలూ కందాలు. తెలుగులో మనకు దొరికిన తొలి కందపద్యాలు ఇవేనని పండితుల మాట. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా రావడానికి ముందు జరిగిన వాదనలలో ఈ శాసనాన్ని గట్టి సాక్ష్యంగా చూపారు. అన్న కన్నడంలో భారతం చెప్పాడు, తమ్ముడు అదే నేల మీద తెలుగులో కందం చెక్కించాడు. ఒకే ఇంట్లో రెండు సాహిత్యాలు.

పంపని తరువాతి తరంలో రన్నడు "గదాయుద్ధం" రచించి, తన ప్రభువు సత్యాశ్రయుణ్ణి భీమునితో పోల్చాడు. నాయకుడు భీముడే అయినా చదువరి గుండె తరుక్కుపోయేది దుర్యోధనుని కోసం. మళ్ళీ అదే కథ. పోషకుడు ఒక పక్షాన, కవి మనసు రెండవ పక్షాన.

తెలుగులో దారి వేరైంది. రాజరాజనరేంద్రుడు చంద్రవంశజుడనని చెప్పుకొన్నవాడు, పాండవులు తన వంశకర్తలని భారతాన్ని తెనిగించమన్నాడు. అయినా నన్నయ రాజును అర్జునునిగా చేయలేదు. పదమూడవ శతాబ్దిలో తిక్కన మరొక అడుగు వేసి, విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలను రాజుకు కాక హరిహరనాథునికి అంకితమిచ్చాడు. నరునికి అంకితం లేనప్పుడు ఏ ఒక్క పాత్ర మీదా పోషకుని నీడ పడదు. పాత్రలు తమ బరువుతో తామే నిలబడతాయి. తెలుగు పాఠకుడు తన నాయకుణ్ణి తానే ఎన్నుకొనే హక్కు అక్కడ దొరికిందని నా అభిప్రాయం.

ఆ హక్కును మనవారు బాగానే వాడుకొన్నారు. ధర్మపురి శేషప్ప కవినే చూడండి. 1800 ప్రాంతంలో "నరసింహ శతకం" చెప్పిన ఆ పేదకవి స్వామిని స్తుతించడమే కాదు, నిలదీశాడు, నిష్ఠురమాడాడు. తాను ఆరాధించే వీరుణ్ణి ప్రశ్నించడం భక్తికి లోపం కాదని ఆ ఊరు అప్పుడే తేల్చింది. యక్షగానంగా "ధర్మపురి రామాయణం" చెప్పినదీ ఆయనే. ఈ జిల్లాల పల్లెలలో చిందు భాగవతులు ఆడిన కథలను కూడా ఇక్కడ తలచుకోవాలి. అంటరానివారని ఊరి బయట ఉంచిన కులానికి చెందిన కళాకారులు కిరీటం పెట్టుకొని రాజులుగా, దేవతలుగా ఊరి నడుమ నిలిచేవారు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ ఆడదై పుట్టి మగవేషాలు కట్టి మెప్పించింది. పుట్టుక ఒకటి, పాత్ర ఇంకొకటి. ఆ వేషం కట్టినవారికి కర్ణుని కథ వేరే వివరించనక్కరలేదు.

నాటకానికి వస్తే "గయోపాఖ్యానం" ఉంది. ఆకాశాన పోతున్న గయుని ఉమ్మి అర్ఘ్యమిస్తున్న కృష్ణుని చేతిలో పడడం, గయుణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేయడం, సంగతి తెలియక అర్జునుడు అభయమివ్వడం, ఆపైన ప్రాణమిత్రులిద్దరికీ యుద్ధం. వ్యాసభారతంలో లేని కథ ఇది. చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకంగా ఊరూరా ఆడారు. ఒకే పక్షంలోని ఇద్దరు వీరులు తలపడితే ఎలా ఉంటుందన్న కుతూహలమే దానికి ప్రాణం. 2016లో "కెప్టెన్ అమెరికా: సివిల్ వార్" చూసి ప్రపంచం ముచ్చటపడింది ఆ కుతూహలంతోనే కదా! 1963లో కె.వి.రెడ్డి ఈ కథనే "శ్రీకృష్ణార్జున యుద్ధము"గా తీసి, ఎన్టీఆర్‌ను కృష్ణుడిగా, ఏయన్నార్‌ను అర్జునుడిగా నిలబెట్టారు. తెర మీద ఇద్దరు వీరులు, తెర ముందు రెండు అభిమాన దళాలు. ఏ ఒక్కరూ ఓడకుండా కథ ముగియాలి, పాతకథలోనే ఆ వీలుంది.

1977 సంక్రాంతికి ఈ తగవు పతాకస్థాయికి చేరింది. ఒకే కురుక్షేత్రం మీద రెండు చిత్రాలు ఎదురెదురుగా వచ్చాయి. "దానవీరశూరకర్ణ"లో ఎన్టీఆర్ కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు తానే అయి, దర్శకత్వం కూడా వహించారు. మాటలు కొండవీటి వెంకటకవివి. కమలాకర కామేశ్వరరావు తీసిన "కురుక్షేత్రం"లో కృష్ణ అర్జునుడు, శోభన్‌బాబు శ్రీకృష్ణుడు, కృష్ణంరాజు కర్ణుడు. గెలిచింది మొదటిదని వేరే చెప్పనవసరం లేదు. అయితే ఎందుకు గెలిచింది అన్నది ఆలోచించదగినది. అస్త్రవిద్యా ప్రదర్శన సభలో కులమడిగి కర్ణుణ్ణి నిలువరించినప్పుడు దుర్యోధనుడు లేచి పలికే మాటలు జనానికి కంఠస్థమయ్యాయి. అవి పౌరాణిక సంభాషణలుగా కంఠస్థం కాలేదు. పుట్టుక అడిగి మనిషిని ఆపే అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్నగా కంఠస్థమయ్యాయి. పంపడు లోలోపల పడ్డ బాధ అక్కడ బాహాటంగా మైకులో వినబడింది.

ఆ "కురుక్షేత్రం"లో కర్ణుడైన కృష్ణంరాజు స్వయానా ప్రభాస్‌కు పెదనాన్న. 2022లో ఆయన పోయారు. రెండేళ్ళకు అదే పాత్ర ఆ ఇంటికే తిరిగివచ్చింది.

కర్ణపక్షం వాదించేవారితో నాకు ఒక్క పేచీ ఉంది. వారి వాదంలో ద్రౌపది తరచు దోషి అవుతుంది. స్వయంవరంలో సూతుణ్ణి వరించనని ఆమె అవమానించినందువల్లనే కర్ణుడు సభలో అలా మాట్లాడాడంటారు. పూనా భండార్కర్ సంస్థవారు ఎన్నో వ్రాతప్రతులను పోల్చి 1966 నాటికి పూర్తిచేసిన సంశోధిత ప్రతిలో ఆ తిరస్కార వాక్యం మూలపాఠంలో లేదు, అధోజ్ఞాపికలకు వెళ్ళిపోయింది. సభలో కర్ణుడు ఆమెను అన్న మాటలు మాత్రం మూలంలోనే ఉన్నాయి. పుట్టుక వల్ల అవమానం పొందినవాడు ఇంకొకరిని అవమానించినప్పుడు మన జాలి ఎటు పోవాలి? ఈ ప్రశ్నను దాటవేసిన కర్ణాభిమానం సగం అభిమానమే. అలాగే ఓటముల పట్టిక చూపి కర్ణుణ్ణి కొట్టిపారేసే అర్జునపక్షం వారు, ఆ సభలో కులమెందుకు అడిగారన్న ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకొంటున్నారు.

అందుకే ఈ తగవు పిల్లల ఆట కాదంటాను. ఎవరి బాణం దూరం పోతుందన్నది పైకి కనిపించే వాదం. ఎవరికి అన్యాయం జరిగింది, అన్యాయం పొందినవానికి ఏమేమి క్షమించవచ్చు అన్నది లోపలి వాదం. అరికేసరి కొలువులో, చిందు ఆటలో, 1977 నేల టిక్కెట్టులో, 2024 తెర ముందు ఆ లోపలి వాదమే నడిచింది. పెద్దలు నొచ్చుకోవలసినది పిల్లలు వాదిస్తున్నందుకు కాదు, ఈ వాదం వేయేళ్ళ క్రితమే తమ ఊరి పక్కన జరిగిందని వారికి ఎవరూ చెప్పనందుకు.

ధర్మపురి నరసింహుని దర్శనానికి, వేములవాడ రాజన్న మొక్కుకు ఏటా లక్షలమంది వస్తారు. వారిలో బొమ్మలమ్మ గుట్ట దాకా పోయేవారు అరుదు. గ్రానైటు తవ్వకాలకు పేరుపడ్డ జిల్లాలో రాతి మీది అక్షరానికి కాపలా మనుషుల జ్ఞాపకమే. కర్ణుని కోసం కంటతడి పెట్టే అభిమాని ఒకసారి ఆ గుట్టెక్కి, కర్ణుణ్ణి తలవమన్న కవి సంగతి అతని తమ్ముడు చెక్కించిన రాతి ముందు నిలబడి రావాలి. అర్జునుని అభిమాని కూడా రావచ్చును. ఆ అగ్రహారం అర్జునుని పేరు మీద వచ్చినదే కదా!