కొండ మీద పుట్టిన కాలేజీ క్లబ్బు

ఇంజనీరింగ్ కాలేజీలో చేరిన పిల్లలకు మొదటి ఏడాదిలోనే రెండు వర్క్‌షాపులు ఎదురవుతాయి. ఒకటి టైమ్‌టేబుల్లో ఉన్నది. ఫిట్టింగ్ షాపులో ఇనపముక్కను ఆకురాయితో అరగదీసి, మూలమట్టం పెట్టి సారుకు చూపించి, రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటారు. రెండోది క్లాసులు అయిపోయాక తెరుచుకునేది. అక్కడ ఏ రోబో చక్రమో తిరగడం లేదని నలుగురు తలలు పట్టుకుని కూర్చుని ఉంటారు. రికార్డు లేదు, ఇంటర్నల్స్ లేవు, అటెండెన్స్ అసలే లేదు. అయినా వాచ్‌మన్ తాళం తెచ్చి నిలబడితే తప్ప కదలరు.

ఈ రెండో షాపు వయసు నూరేళ్ళు దాటింది. అమెరికాలో వైర్‌లెస్ కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1908లో కొలంబియాలోను 1909లో హార్వర్డ్‌లోను విద్యార్థులు రేడియో క్లబ్బులు పెట్టుకున్నారు. కానీ ఇవాళ మనం చూస్తున్న క్లబ్బు, అంటే లెక్కలు తామే వేసి, బొమ్మ తామే గీసి, కోసి అతికించి, చివరికి దాని మీద ప్రాణం పెట్టి కూర్చునే రకం, నిండుగా కనబడేది మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీలో. అందుకే కథ అక్కడినుంచి చెబుతాను.

1919 వెర్సాయ్ ఒప్పందం జర్మనీకి సైనిక విమానాలు ఉండకూడదంది. ఇంజన్ ఉన్న విమానాల తయారీ కూడా కొన్నేళ్ళు ఆగిపోయింది. యుద్ధంలో విమానాలు నడిపి వచ్చిన కుర్రాళ్ళు మళ్ళీ కాలేజీ బెంచీల మీద కూర్చున్నారు. చేతిలో విద్య ఉంది, చేయడానికి పని లేదు. ఇంజన్ లేకుండా ఎగిరేదాన్ని మాత్రం గెలిచినవాళ్ళెవరూ పట్టించుకోలేదు. ‘ఫ్లూగ్‌స్పోర్ట్’ అనే పత్రిక సంపాదకుడు ఆస్కర్ ఉర్సినుస్ ఈ సందును కనిపెట్టాడు. గ్లైడర్లు తీసుకుని రండి, పోటీ పెడదాం అని 1920 వేసవిలో పిలుపిచ్చాడు. చోటు వాసర్‌కుప్పె, రోన్ కొండల్లో 950 మీటర్ల శిఖరం. చెట్లు లేని గడ్డివాలు, ఎప్పుడూ గాలి.

ఆఖెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో వైమానిక విభాగానికి పెద్ద థియోడర్ ఫాన్ కార్మాన్. ఆయన సహాయకుడు వోల్ఫ్‌గాంగ్ క్లెంపెరర్ యుద్ధంలో ఆస్ట్రియా తరఫున ఎగిరినవాడు. ఆ ఏడాదే అక్కడి విద్యార్థులు కొందరు ఓ సంఘంగా ఏర్పడి గ్లైడర్ కట్టారు. రెక్కలకు నల్లగుడ్డ తొడిగారు కాబట్టి దానికి ‘నల్లదెయ్యం’ అని పేరు పెట్టారు. అప్పటిదాకా గ్లైడరంటే పుల్లలు, గుడ్డ, వాటిని బిగించి పట్టే తీగలు. ఈ దెయ్యానికి తీగలు లేవు. రెక్క తన బరువు తానే మోసుకునేంత మందంగా ఉంటుంది. క్లెంపెరర్ పోటీకి ఆలస్యంగా చేరాడు. అప్పటికే ఓ పైలట్ కూలి చనిపోయి కొండ మీద అందరూ దిగాలుగా ఉన్నారు. ఆ వాతావరణంలో అతను 1,830 మీటర్ల దూరం, 2 నిమిషాల 22 సెకన్లపాటు ఎగిరాడు. ఇప్పుడు వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఆ పోటీలో మొదటి బహుమతి దానికే వచ్చింది.

రెండేళ్ళు తిరిగేసరికి హానోవర్ విద్యార్థులు ఇంకో మెట్టెక్కారు. వాళ్ళ గ్లైడర్ పేరు ‘వాంపైర్’. రెక్క పొడవునా ఒకే ఒక దూలం వేశారు. ఆ దూలం నుంచి రెక్క ముందు అంచు వరకు పలుచని ప్లైవుడ్డును వంచి మూసేశారు. అలా మూసిన గొట్టం మెలిపడదు. రెండో దూలం అక్కర్లేదు, బరువు తగ్గుతుంది. నేలమీద దిగడానికి చక్రాలు లేవు. మూడు తోలు ఫుట్‌బాల్ బంతులను సగం లోపలికి దూర్చి పెట్టారు! 1922 ఆగస్టులో మార్టెన్స్ అనే విద్యార్థి దానిమీద గంటా ఆరు నిమిషాలు గాలిలో ఉన్నాడు. వారంలోపే అతని సహాధ్యాయి హెంట్సెన్ మూడు గంటలు దాటించాడు. నిమిషాల ఆట గంటల్లోకి వచ్చింది. వాలును తాకి పైకి లేచే గాలిని పట్టుకుంటే ఎంతసేపైనా ఉండవచ్చని ఋజువైంది. ఆ ఒంటిదూలం, ప్లైవుడ్ ముక్కు ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు పైగా చెక్క గ్లైడర్లకు ఆనవాయితీ అయ్యాయి. గ్లైడర్‌ను గాల్లోకి ఎక్కించే పద్ధతి మాత్రం మొరటుగానే ఉండేది. పొడవాటి రబ్బరు తాడును ముక్కుకు తగిలించి, రెండు జట్లు చెరో కొసా పట్టుకుని వాలు కిందికి పరుగెత్తేవి. ఉండేల్లోంచి రాయి వదిలినట్టు పైలట్‌ను వదలడమే.

ఇలాంటి సంఘాలు డార్మ్‌ష్టాట్, మ్యూనిక్, బెర్లిన్, బ్రౌన్‌ష్వైగ్, ష్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయాల్లోనూ వెలిశాయి. వీటిని ఆకాఫ్లీగ్ అంటారు. 1922లోనే అప్పటికి ఉన్నవి కలిసి ఉమ్మడి సంస్థ పెట్టుకున్నాయి. నియమం ఒక్కటే: ఎగరాలంటే షాపులో పనిచేయాలి. డబ్బు కట్టి సీటెక్కడం కుదరదు, ఆకురాయి పట్టిన గంటలే టిక్కెట్టు. ఒక్కో గ్లైడర్‌కు ఏళ్ళు పడతాయి. మొదటి గీత గీసినవాడు డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోతాడు, తర్వాతి బ్యాచ్ రెక్కలు అతికిస్తుంది, ఆ తర్వాతి బ్యాచ్ ఎగురుతుంది. సీనియర్లు జూనియర్లకు కాయితాలతో పాటు తప్పులు కూడా అప్పగించి పోతారన్నమాట. మన కాలేజీల్లో క్లబ్బులు మూడేళ్ళకే ఎందుకు ఆరిపోతాయంటే నాకు తోచే జవాబు ఇక్కడే ఉంది. కోర్ టీమ్ వెళ్ళిపోతుంది, పెన్‌డ్రైవ్ కూడా వాళ్ళతోనే పోతుంది.

ఫాన్ కార్మాన్ 1930లో అమెరికాకు వెళ్ళి కాల్టెక్‌లో వైమానిక ప్రయోగశాల బాధ్యత తీసుకున్నాడు. కొన్నేళ్ళకు ఫ్రాంక్ మలీనా అనే పరిశోధక విద్యార్థి రాకెట్ల మీద పనిచేస్తానంటూ వచ్చాడు. అప్పట్లో చదువుకున్నవాళ్ళలో రాకెట్ అంటే చవకబారు కథల సరుకు. మలీనా వెంట ఇద్దరు స్నేహితులు, జాక్ పార్సన్స్, ఎడ్ ఫోర్మన్. వాళ్ళు కాల్టెక్ విద్యార్థులే కారు. ఇంకో ప్రొఫెసరైతే తలుపు చూపించేవాడు. ఆఖెన్‌లో నల్లదెయ్యాన్ని కట్టనిచ్చిన మనిషి కాబట్టి, ఈయన మాత్రం సరే, చేసుకోండన్నాడు. 1936 అక్టోబర్ 31న పాసడీనా శివార్లలో ఆరోయో సెకో అనే ఎండిన వాగులో మొదటి పరీక్ష జరిగింది. ఆక్సిజన్ గొట్టానికి నిప్పంటుకుని పాములా లేచి కొట్టుకుంటే కుర్రాళ్ళు తలో దిక్కూ పారిపోయారు. తర్వాత కాంపస్‌లో విషవాయువు లీకై పరికరాలు తుప్పుపట్టాయి. పోయి బయట చేసుకోండన్నారు. తోటి విద్యార్థులు ‘ఆత్మహత్యా దళం’ అని పేరు పెట్టారు. ఆ దళమే తర్వాత జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ అయింది. చంద్రుడి మీదికి, అంగారకుడి మీదికి నౌకలు పంపిన ఆ సంస్థ తన పుట్టినరోజుగా లెక్కపెట్టేది వాగులో గొట్టం అంటుకున్న ఆ రోజునే. దళంలో చైనా నుంచి వచ్చిన ఛియెన్ షుయెసెన్ కూడా ఉన్నాడు. అమెరికా అనుమానించి ఇబ్బందులు పెట్టాక 1955లో స్వదేశం వెళ్ళి, చైనా క్షిపణులకు పునాది వేశాడు.

జర్మనీలో మాత్రం కథ నల్లబడింది. 1933 తర్వాత నాజీ ప్రభుత్వం గ్లైడింగ్‌ను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. కొండ మీద ఎగరడం నేర్చిన కుర్రాళ్ళు యుద్ధవిమానాలకు తయారు సరుకు అయ్యారు. ఇంజనీరింగ్ క్లబ్బుల చరిత్రలో ఈ పేజీని చాలామంది త్వరగా తిప్పేస్తారు, అది సరికాదు. ఓటమి అవమానం, దేశభక్తి ఆవేశం ఆ గడ్డివాలు మీద మొదటినుంచీ ఉన్నాయి. చెక్క, గుడ్డలతోపాటు అవీ సంఘాల్లో పోగయ్యాయి. యుద్ధం చివర్లో డార్మ్‌ష్టాట్, మ్యూనిక్ విద్యార్థులు విమాన డిజైనర్ అలెగ్జాండర్ లిపిష్ ఆలోచన మీద కట్టిన త్రికోణపు రెక్కల గ్లైడర్, డీఎం-1, అమెరికన్ల చేతికి చిక్కింది. వాళ్ళు దాన్ని ఓడలో తీసుకెళ్ళి లాంగ్లీలోని పెద్ద గాలి సొరంగంలో పెట్టి పరీక్షించారు.

యుద్ధం తర్వాత ఆగిపోయిన గ్లైడర్లకు 1951లో పశ్చిమ జర్మనీలో మళ్ళీ అనుమతి వచ్చింది. ష్టుట్‌గార్ట్ ఆకాఫ్లీగ్‌లో ఎప్లర్, నేగెలే అనే ఇద్దరు తేలికపాటి గ్లైడర్ మొదలుపెట్టారు. బాల్సా చెక్క మీద కాగితం అతికించి చేద్దామన్నది మొదటి ఆలోచన. చివరికి కాగితం పోయి గాజుపీచు, రెజిన్ వచ్చాయి. చెక్క పెచ్చు, గుడ్డ ఎంత బిగించినా ఎక్కడో సన్నని అల తేలుతుంది. రెక్క మీద గాలి ఆ అల దగ్గర చెదిరి సుడులు తిరుగుతుంది. గాజుపీచుతో అద్దంలాంటి ఉపరితలం వస్తుంది. కాగితం మీద ఎప్లర్ గీసిన ఆకారం రెక్క మీదికి యథాతథంగా దిగుతుంది. ‘ఫీనిక్స్’ అని పేరు పెట్టిన ఆ గ్లైడర్ 1957 నవంబర్ 27న ఎగిరింది. గాజుపీచుతో కట్టి ఎగిరిన గ్లైడర్లలో ప్రపంచంలో అదే మొదటిది.   ఇవాళ హైదరాబాద్ నుంచి విదేశాలకు మనవాళ్ళు ఎక్కి పోయే బోయింగ్ 787 బరువులో సగం ఇలా పీచు, రెజిన్ కలిపి చేసిన పదార్థాలదే. గాజుపీచు బదులు అందులో ఎక్కువగా ఉండేది కార్బన్ పీచు.

1964లో డార్మ్‌ష్టాట్ విద్యార్థులు వైబెల్, లెమ్కె, హోలిగ్‌హౌస్ కలిసి డీ-36 అనే గాజుపీచు గ్లైడర్ కట్టారు. ఆ ఏడాదే దానితో జర్మన్ జాతీయ పోటీ గెలిచారు. చదువయ్యాక ముగ్గురూ మూడు వేర్వేరు గ్లైడర్ కంపెనీల్లో డిజైనర్లయి, మిగిలిన జీవితమంతా ఒకరినొకరు ఓడించుకోవడానికి కొత్త గ్లైడర్లు గీశారు. కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచ పోటీల్లో ఎవరు గెలిచినా, తరచు ఆ గ్లైడర్ ఒకే కాలేజీ షాపులో కలిసి చేతులు జిగురు చేసుకున్న ఈ ముగ్గురిలో ఎవరో ఒకరిదై ఉండేది.

మన దేశానికి క్లబ్బు ఇంకో దారిలో వచ్చింది, పోటీ రూపంలో. 1976లో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయంలో మొదలైన బాహా పోటీ 2007లో ఇండోర్ దగ్గర పీథంపూర్‌కు చేరింది. ఎగుడుదిగుడు నేలమీద పరుగెత్తే ఒంటిసీటు బండిని విద్యార్థులు కట్టాలి. మొదలైనప్పుడు ఇంజన్ అందరికీ ఒకటే, దాన్ని ముట్టుకోకూడదనేది నియమం. తెలుగు రాష్ట్రాల కాలేజీల నుంచి కూడా జట్లు పోతుంటాయి. దీనికి లావుపాటి రూల్‌బుక్కు ఉంటుంది. అది మంచిదే, వెల్డింగ్ ఊడితే ప్రాణం పోకూడదు. కాని రూల్‌బుక్కు ఉన్నచోట జవాబు సగం ముందే రాసి ఉంటుంది. ఫీనిక్స్‌కు రూల్‌బుక్కు లేదు. నన్నడిగితే బాహాలో అసలు చదువు బండి పరుగులో లేదు, జడ్జీల ముందు నిలబడే ఆ కొద్ది నిమిషాల్లో ఉంది. ఈ గొట్టం ఇంత మందం ఎందుకు పెట్టావంటే ‘సీనియర్లు పెట్టారండి’ అంటే కుదరదు.

రూల్‌బుక్కు లేని పని మన దగ్గరా జరిగింది. కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లలోని ఏడు ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి ‘స్టడ్‌శాట్’ అనే ఉపగ్రహం చేశారు. కిలో కూడా లేదు, పెద్ద మరచెంబంత ఉంటుంది, లోపల కెమెరా. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి15 కార్టోశాట్-2బితోపాటు దాన్నీ కక్ష్యలో వదిలింది. శ్రీహరికోట ప్రయోగ కేంద్రానికి పేరిచ్చిన సతీశ్ ధావన్ పీహెచ్‌డీ చేసింది కాల్టెక్‌లోనే, ఫాన్ కార్మాన్ నడిపిన ఆ వైమానిక ప్రయోగశాలలో. ఇందులోంచి పెద్ద సంబంధం లాగడం నా ఉద్దేశం కాదు, ప్రపంచం చిన్నదని మాత్రం తెలుస్తోంది.

అదే శ్రీహరికోట నుంచి 2024 డిసెంబర్ 30న పీఎస్ఎల్‌వీ-సి60 ఎగిరింది. పని ముగిసిన రాకెట్ నాలుగో దశను పారేయకుండా, దానిమీద చిన్న చిన్న ప్రయోగాలు బిగించి కక్ష్యలో తిప్పింది ఇస్రో. అందులో ఒక పెట్టె బెంగళూరు ఆర్‌వీ కాలేజీ విద్యార్థి జట్టుది. దాని పని, మనిషి పేగుల్లో బతికే ఒక బాక్టీరియా అంతరిక్షంలో ఎలా పెరుగుతుందో చూడడం. ఇంజనీరింగ్ కాలేజీలో అది ఏ బ్రాంచి కిందికి వస్తుందో ప్రిన్సిపాలునే అడగాలి.