వేడికి కదిలే ప్రోటీన్లు: కోపెన్‌హేగన్ నుంచి హైదరాబాదు వరకు

పాఠ్యపుస్తకంలోని ప్రోటీన్ బొమ్మ మీకు రాతిలో చెక్కిన శిల్పంలా కనిపించవచ్చు. ఈ భావనకు చారిత్రక కారణం ఉంది. 1958లో జాన్ కెండ్రూ బృందం ఎక్స్-కిరణాలతో చూపిన మయోగ్లోబిన్ స్ఫటికంలో అమరి ఉన్నది. ఆ చిత్రంలో కదలిక కనిపించదు.

నిజానికి కదలికకు ఆధారం అంతకుముందే దొరికింది. 1954లో కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రామ్-లాంగ్, హ్విట్ ఇన్సులిన్‌ను భారజలంతో పరీక్షించారు. 51 అమైనో ఆమ్లాల ఆ చిన్న ప్రోటీన్‌లోని హైడ్రోజన్లు కొన్ని త్వరగా, కొన్ని చాలా నెమ్మదిగా డ్యుటీరియంతో మారాయి. మడత లోపల దాగినవి మారాలంటే ఆ మడత క్షణకాలమైనా విచ్చుకోవాలి కదా! 1970లలో జ్యూరిచ్‌లో వూత్రిక్, వాగ్నర్ 58 అమైనో ఆమ్లాల మరో ప్రోటీన్‌ను ఎన్.ఎం.ఆర్. పద్ధతిలో గమనించారు. దాని గర్భంలో బిగుతుగా ఇరుక్కున్న వలయాలు కూడా తిరగబడుతున్నాయి. ఉష్ణోగ్రత పెంచితే ఇంకా వేగంగా తిరగబడుతున్నాయి.

వేడి అనగానే మనకు ఉడికిన గుడ్డు గుర్తొస్తుంది. అంటే వేడి ప్రోటీన్‌ను పాడుచేస్తుందనే అనుకుంటాం. ఈ ఊహ ఎల్లప్పుడూ సరికాదని చూపిన పరిశోధనల్లో ఒకటి మన హైదరాబాదులోనే, సి.సి.ఎం.బి.లో జరిగింది. కంటి కటకంలోని ఆల్ఫా-క్రిస్టలిన్ ఇతర ప్రోటీన్లను గడ్డకట్టకుండా కాపాడుతుందని 1992లో అమెరికాలో హార్విట్జ్ తెలిపాడు. 1994-95లో సి.సి.ఎం.బి.లో రామన్, సిహెచ్. మోహనరావు ఈ రక్షణను వివిధ ఉష్ణోగ్రతల వద్ద పరీక్షించారు. ఇన్సులిన్ గొలుసులను కలిపి ఉంచే గంధకపు బంధాలను తెంచితే ఒక గొలుసు ముద్దకట్టి ద్రావణం తెల్లబారుతుంది. ఆల్ఫా-క్రిస్టలిన్ దీన్ని ఆపగలదు. చల్లగా ఉన్నప్పుడు అంతంతమాత్రంగా ఆపుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆ శక్తి బాగా పెరుగుతుంది. వేడికి దాని నిర్మాణం కాస్త సడలి, నీటికి దూరంగా దాగిన తలాలు బయటపడతాయనీ, దెబ్బతిన్న ప్రోటీన్లు వాటికి అతుక్కుంటాయనీ వారు వివరించారు. (ఆల్ఫా-క్రిస్టలిన్ చిన్న ప్రోటీన్ కాదు, అనేక ఉపభాగాల సముదాయం. అయినా సూత్రం అదే.)

పెదకూరపాడులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటినా, శరీరం తన ఉష్ణోగ్రతను 37 దగ్గరే నిలుపుకుంటుంది. అంటే కటకంలోని ఆల్ఫా-క్రిస్టలిన్ ఎప్పుడూ ఆ 30 డిగ్రీల గీతకు పైనే పనిచేస్తోంది. కానీ కటకం నడిమధ్యలోని ప్రోటీన్లు పుట్టుకతో వచ్చినవే, కొత్తవి రావు. వయసు పెరిగేకొద్దీ అక్కడ కరిగి ఉన్న ఆల్ఫా-క్రిస్టలిన్ తరిగిపోతుంది. ఇక ముద్దకట్టే ప్రోటీన్లను ఆపేది తగ్గి, కటకం మసకబారుతుంది. మన ఇళ్లలో పెద్దలకు వచ్చే శుక్లాలకు ఇదొక ముఖ్య కారణం.