రక్తంలో దొరికిన ఆనవాళ్లు

చర్మంపై ఊదారంగు దద్దులు, భుజాలు తొడల కండరాల్లో బలహీనత కలిసి వచ్చే వ్యాధికి 1891లో జర్మన్ వైద్యుడు ఉన్‌వెరిష్ట్ డెర్మటోమయోసైటిస్ అని పేరు పెట్టినా, 1975లో బోహన్, పీటర్ కూర్చిన ప్రమాణాల్లో సైతం స్వీయ ప్రతిరక్షకాలకు, అంటే శరీరం తన కణభాగాల మీదే తయారుచేసుకునే ప్రోటీన్లకు, చోటు దక్కలేదు. మరుసటి ఏడాది మి-2, 1980లో జో-1 అనే ప్రతిరక్షకాలు వెలుగులోకి వచ్చాయి. 2005లో జపాన్ పరిశోధకులు గుర్తించిన మరొకటి, తరువాత ఎండీఏ-5 ప్రతిరక్షకంగా తేలి, పాత ప్రమాణాల లోటును బయటపెట్టింది. ఎందుకంటే ఆ రోగుల్లో కండరాలు దాదాపు బాగానే ఉండి, ఊపిరితిత్తులు మాత్రం వారాల్లోనే దెబ్బతినవచ్చు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని భద్రాచలం హైదరాబాదుకు 300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నందున, ఇటువంటి చోట ఈ చరిత్రకు వేరే అర్థముంది: కండరపు ముక్కను తీసి చదవడానికి నిపుణులు కావాలి గాని, రక్తపు నమూనా రోగి కన్నా సులువుగా ప్రయాణిస్తుంది. పాఠ్యగ్రంథాలు చెప్పే ఊదారంగు నల్లని చర్మంపై గోధుమ మచ్చగానే కనిపించవచ్చు కనుక (ఆ వర్ణన తెల్లని చర్మాన్ని చూసి రాసినదే) ప్రతిరక్షక పరీక్ష విలువ ఇక్కడ మరింత పెరుగుతుంది. అయితే పరీక్షపట్టీపై తేలిన మసక గీత ఒక్కటే వ్యాధిని రుజువు చేయదు. లక్షణాలు దానితో పొసగాలి.