సెనేట్ నుంచి పాలక మండలి దాకా: మన విశ్వవిద్యాలయాలను ఎవరు పాలించారు?

మీరు డిగ్రీ పూర్తి చేశాక అందుకునే పట్టా మీద వైస్‌ఛాన్సలర్ సంతకం ఉంటుంది. ఆ వ్యక్తిని ఆ పదవిలో ఎవరు నియమించారు? ఆయన ఎవరికి జవాబుదారీ? ఫీజు గడువు, పరీక్ష తేదీ, ఫలితాల కోసం ఎదురుచూపు, వీటి మధ్య ఈ ప్రశ్న మనకు తట్టదు. కానీ మన ప్రాంతంలో విశ్వవిద్యాలయాల చరిత్ర చాలావరకు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. మద్రాసు, ఆంధ్ర విశ్వవిద్యాలయాల చరిత్రను ఈ పాఠంలో ఆ కోణం నుంచే పరిశీలిద్దాం.

బోధన లేని విశ్వవిద్యాలయం

ఉన్నత విద్యకు ఒక సంస్థ కావాలని మద్రాసు పౌరులు 1839 నవంబరులోనే గవర్నరు ఎల్ఫిన్‌స్టన్‌కు విన్నపం సమర్పించారు. దాని ఫలితంగా ఒక ఉన్నత పాఠశాల ఏర్పడింది. అదే తరువాత ప్రెసిడెన్సీ కళాశాల అయింది. విశ్వవిద్యాలయం కోసం మాత్రం మరో పద్దెనిమిదేళ్లు ఆగవలసి వచ్చింది. 1854లో ఛార్లెస్ ఉడ్ పంపిన విద్యా తాఖీదు ఆధారంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వరుసగా ఏర్పడ్డాయి. సిపాయిల తిరుగుబాటు ఉత్తర భారతాన్ని కుదిపేస్తున్న సంవత్సరమది. మద్రాసు విశ్వవిద్యాలయ చట్టానికి సెప్టెంబరు 5న ఆమోదం లభించింది.

ఈ మూడింటికీ ఆనాటి లండన్ విశ్వవిద్యాలయమే నమూనా. అంటే విశ్వవిద్యాలయం పాఠం చెప్పదు. ఎక్కడో ఉన్న కళాశాలలు పాఠాలు చెబుతాయి, విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. దూరవిద్యలో చదువుతున్న మీకు విశ్వవిద్యాలయం కనీసం ఈ పుస్తకాన్నైనా పంపుతోంది. 1857 నాటి మద్రాసు విశ్వవిద్యాలయం తన విద్యార్థికి అది కూడా పంపలేదు.

పరీక్ష మాత్రమే పెట్టే సంస్థకు ఎల్లలు ఉండవు. మద్రాసు విశ్వవిద్యాలయం తొలి పట్టభద్రులు ఇద్దరూ సింహళంలోని జాఫ్నా ప్రాంతానికి చెందినవారే. మైసూరు, తిరువాన్కూరు సంస్థానాల కళాశాలలు కూడా దాని గొడుగు కిందికే వచ్చాయి. నిజాం రాజ్యంలో ఉన్న హైదరాబాదు నిజాం కళాశాల 1887 నుంచి 1947 వరకు మద్రాసుకే అనుబంధంగా ఉండింది. తెలుగు జిల్లాల్లో బందరు నోబుల్ కళాశాల, రాజమండ్రి ప్రభుత్వ కళాశాల, విజయనగరం మహారాజా కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాల, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల కూడా అంతే. వీటిలో ఎవరు ఏ పాఠ్యగ్రంథం చదవాలో, ఎన్ని మార్కులు వస్తే ఉత్తీర్ణులో మద్రాసులో కూర్చున్నవారు నిర్ణయించేవారు.

ఆ కూర్చున్నవారు ఎవరు? గవర్నరే ఛాన్సలర్. మొదటి వైస్‌ఛాన్సలర్ సర్ క్రిస్టఫర్ రాలిన్సన్ మద్రాసు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. సెనేట్‌లోని ఫెలోలను ప్రభుత్వమే నియమించేది, ఒకసారి నియమితులైతే అది దాదాపు జీవితకాల గౌరవం. వారిలో న్యాయమూర్తులు, ఉన్నతాధికారులు, మిషనరీలు ఎక్కువ. రోజూ తరగతి గదిలో పాఠం చెప్పే ఉపాధ్యాయుడి మాటకు అక్కడ పెద్ద విలువ లేదు. శిల్పి రాబర్ట్ చిషోమ్ మెరీనా తీరాన 1870లలో కట్టిన సెనేట్ భవనాన్ని మీరు చెన్నైలో చూసి ఉండవచ్చు. విశ్వవిద్యాలయానికి తరగతి గదుల కంటే ముందు సభాభవనం ఏర్పడిందన్న సంగతి అప్పటి పద్ధతిని బాగా తెలుపుతుంది.

కర్జన్ సంస్కరణ

సెనేట్ ఉబ్బిపోయిందని, కళాశాలలు పరీక్షల కర్మాగారాలుగా మారాయని వైస్రాయి కర్జన్ భావించాడు. 1901లో సిమ్లాలో జరిపిన విద్యా సమావేశానికి ఒక్క భారతీయుణ్ణి కూడా పిలవలేదు. 1902లో నియమించిన విశ్వవిద్యాలయాల కమిషన్‌లో మాత్రం హైదరాబాదుకు చెందిన సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీకి, కలకత్తా న్యాయమూర్తి గురుదాస్ బెనర్జీకి చోటిచ్చారు. బెనర్జీ తన అసమ్మతిని విడిగా రాశాడు.

1904 భారత విశ్వవిద్యాలయాల చట్టం ప్రకారం పాత మూడు విశ్వవిద్యాలయాల సెనేట్‌లో 50 నుంచి 100 మంది ఫెలోలే ఉండాలి. పదవీకాలం ఐదేళ్లు. ఎన్నికయ్యేవారు ఇరవై మందే, మిగతావారిలో అత్యధికులు నామినేట్ అయినవారు. సెనేట్ చేసిన నిబంధనలను ప్రభుత్వం ఆమోదించాలి, అవసరమైతే మార్చవచ్చు కూడా. కళాశాలకు అనుబంధం ఇవ్వడంలోనూ, తీసేయడంలోనూ చివరి మాట ప్రభుత్వానిదే. కేంద్ర శాసన మండలిలో గోఖలే దీన్ని గట్టిగా ఎదిరించాడు.

మన పాఠ్యపుస్తకాలు ఈ చట్టాన్ని జాతీయోద్యమం మీద కర్జన్ విసిరిన పాశంగా మాత్రమే చెబుతాయి. అది సగం నిజం. కళాశాలల తనిఖీ మొదలయ్యాక గ్రంథాలయాలు, ప్రయోగశాలలు లేని కళాశాలలు వాటిని సమకూర్చుకోక తప్పలేదు. విశ్వవిద్యాలయాలు స్వయంగా బోధించే వీలు కూడా ఈ చట్టంతోనే ఏర్పడింది. నాణ్యత పేరుతో తీసుకున్న చర్య ఒక్కటే చట్టంలో అధికారాన్ని కూడా బిగించింది. ఈ రెండింటినీ విడదీసి చూడడం కష్టం. ఇకముందు కూడా ఇదే కనిపిస్తుంది, గుర్తుంచుకోండి.

తెలుగువారి విశ్వవిద్యాలయం, తెలుగువారి తగాదా

1919 సంస్కరణలతో రాష్ట్రాల్లో ద్వంద్వ పాలన వచ్చి విద్యాశాఖ భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. మద్రాసులో ఆ శాఖ చేపట్టినవాడు బరంపురానికి చెందిన జస్టిస్ పార్టీ నాయకుడు ఎ.పి. పాత్రో. ఆయన హయాంలోనే 1923లో మద్రాసు విశ్వవిద్యాలయ చట్టం కొత్తగా వచ్చింది, 1925లో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం ఆమోదం పొందింది. 1913 బాపట్ల సభ నుంచి నడుస్తున్న ఆంధ్రోద్యమానికి ప్రత్యేక రాష్ట్రం దక్కలేదు గాని విశ్వవిద్యాలయం దక్కింది. 1926 ఏప్రిల్ 26న అది పని ప్రారంభించింది. అప్పుడు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నది కూడా ఒక తెలుగువాడే. ఆయన బందరులో పుట్టి, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు చాలాకాలం ప్రిన్సిపాల్‌గా పనిచేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు.

పాలన దృష్టితో చూస్తే ఈ కొత్త చట్టాలు పెద్ద మార్పు. రిజిస్టర్డ్ పట్టభద్రులు, అధ్యాపకులు, స్థానిక సంస్థలు, శాసన మండలి సభ్యులు తమ ప్రతినిధులను సెనేట్‌కు ఎన్నుకోసాగారు. దైనందిన పాలన సిండికేట్‌కు, చదువుల విషయం విద్వత్ మండలికి అప్పగించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వైస్‌ఛాన్సలర్‌ను సెనేట్ ఎన్నుకునే పద్ధతి వచ్చింది. గవర్నరు ఛాన్సలర్‌గానే ఉన్నా, కుర్చీలో ఎవరు కూర్చోవాలో తెలుగు పట్టభద్రులకు ఒక మాట చెప్పే అవకాశం దొరికింది.

ఆ మాటకు మొదటి పరీక్ష 1930లో ఎదురైంది. మొదటి వైస్‌ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి శాసనోల్లంఘన ఉద్యమంపై ప్రభుత్వం సాగించిన దమనకాండకు నిరసనగా రాజీనామా చేశాడు. గవర్నరు ఛాన్సలర్‌గా ఉన్న సంస్థ అధిపతి ప్రభుత్వాన్ని తప్పుపట్టి వైదొలగడం ఆనాడు చిన్న సంగతి కాదు. ఆయన తరువాత 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఎన్నికయ్యాడు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా ఇచ్చిన లక్ష రూపాయల విరాళం ఆసరాతో విజ్ఞాన శాస్త్ర విభాగాలు నిలదొక్కుకున్నాయి. ప్రభుత్వ గ్రాంటు మీదే పూర్తిగా ఆధారపడని సంస్థకు ఎంత ఊపిరి ఉంటుందో ఈ కాలం చూపుతుంది. రాధాకృష్ణన్ 1936లో ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లాక సెనేట్ మళ్లీ రామలింగారెడ్డినే ఎన్నుకుంది. ఆయన 1949 వరకు కొనసాగాడు. పదవి వదిలి వెళ్లిన మనిషిని ఆరేళ్ల తరువాత ఎన్నికతో వెనక్కి పిలిచిన ఉదాహరణలు అరుదు.

ఎన్నిక అన్నాక కక్షలూ ఉంటాయి. వాటిలో అత్యంత తీవ్రమైనది విశ్వవిద్యాలయం ఎక్కడ ఉండాలన్నది. మొదట కార్యాలయం బెజవాడలో నడిచింది. రాజమండ్రి, అనంతపురం, విశాఖపట్నం తమకే కావాలన్నాయి. 1930లో అది వాల్తేరుకు మారింది. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు విద్యార్థికి వాల్తేరు కన్నా మద్రాసే దగ్గర. సర్కారు జిల్లాల ఆధిపత్యం కింద ఉండడం కంటే మద్రాసులో ఉండడమే మేలని రాయలసీమ నాయకులు వాదించారు. చివరికి దత్త మండలాల కళాశాలలు మద్రాసు కిందికే తిరిగి వెళ్లాయి. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం కావాలన్న షరతు చేరడానికి ఇదే నేపథ్యం. ఒక విద్యాసంస్థ కేంద్రం గురించిన వివాదం రాష్ట్ర రాజకీయ ఒప్పందంలో చోటు చేసుకున్న తీరును గమనించండి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక గాని ఈ లోటు కొంత తీరలేదు.

ఇదే కాలంలో హైదరాబాదులో నిజాం ఫర్మానాతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఉర్దూలో ఆధునిక శాస్త్రాలు బోధించడం దాని విశిష్టత. అక్కడ పట్టభద్రుల ఎన్నిక అన్న మాటే లేదు, అధికారం పాలకుడి నుంచి కిందికి వచ్చేది. 1956 తరువాత ఒకే రాష్ట్రంలో ఈ రెండు వారసత్వాలూ పక్కపక్కన నిలిచాయి.

ఎన్నిక నుంచి ఎంపికకు

1948లో రాధాకృష్ణన్ అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ వైస్‌ఛాన్సలర్ పూర్తికాలపు ఉద్యోగి కావాలని చెప్పింది. సెనేట్ ఎన్నికతో పదవి పొందిన మనిషే ఈ కమిషన్‌కు అధ్యక్షుడు. ఓట్ల కోసం తిరగడం, కులం లెక్కలు, జిల్లా లెక్కలు విశ్వవిద్యాలయాన్ని పాడుచేస్తున్నాయన్న భయం అప్పటికే విద్యావంతుల్లో ఉంది, అది ఉత్త భయం కూడా కాదు. కాబట్టి ఎన్నిక స్థానంలో క్రమంగా ఎంపిక వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం, 1991 దీనికి తుదిరూపం ఇచ్చింది. రాష్ట్రంలోని పలు విశ్వవిద్యాలయాలను ఒకే చట్టం కిందికి తెచ్చి, పాత సెనేట్, సిండికేట్ స్థానంలో పాలక మండలి, అకడమిక్ సెనేట్ ఏర్పాటు చేసింది. పాలక మండలి ప్రతినిధి, యూజీసీ ప్రతినిధి, రాష్ట్ర ప్రభుత్వ ప్రతినిధి ఉన్న ముగ్గురు సభ్యుల కమిటీ మూడు పేర్లు సూచిస్తుంది. వాటి నుంచి ఛాన్సలర్ ఒకరిని మూడేళ్లకు నియమిస్తాడు. పాలక మండలిలో హోదా రీత్యా వచ్చే ప్రభుత్వ కార్యదర్శులు, నామినేట్ అయినవారు ప్రధానం. 2014 తరువాత తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని తనకు అన్వయించుకుంది.

రాజకీయాలను విశ్వవిద్యాలయం నుంచి తొలగించడమే ఈ పద్ధతి ఉద్దేశమని చెప్పారు. నా అభిప్రాయంలో రాజకీయాలు తొలగలేదు, స్థలం మారాయి. సెనేట్ సభలో పదిమంది ఎదుట జరిగిన పోటీ సచివాలయంలో ఒక ఫైలు మీదికి వెళ్లింది. ఆ ఫైలు కదలకపోతే ఏమవుతుందో కూడా చూశాం. తెలంగాణలో పలు విశ్వవిద్యాలయాల వైస్‌ఛాన్సలర్ల పదవీకాలం 2019లో ముగిస్తే, కొత్తవారి నియామకం 2021లో గాని జరగలేదు. ఆ మధ్యకాలం ఐఏఎస్ అధికారులు ఇన్‌ఛార్జులుగా నడిపారు. అధ్యాపక పోస్టుల భర్తీ, కొత్త కోర్సులు, పరిశోధన పథకాలు వంటి నిర్ణయాలను ఇన్‌ఛార్జి తలకెత్తుకోవడం కష్టం.

మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. 1857 నమూనాకు ఇది తలకిందులు. ఇక్కడ అనుబంధ కళాశాలలు లేవు, పాఠం రాసేదీ పరీక్ష పెట్టేదీ ఒకే సంస్థ. అయితే దానికీ ఒక చట్టం ఉంది, ఒక పాలక మండలి ఉంది.

ఈ పాఠం ముగించే ముందు మీరు చదువుతున్న విశ్వవిద్యాలయ చట్టం ప్రతిని సంపాదించండి. చాలా చట్టాలు గ్రంథాలయాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. అందులో పాలక మండలి కూర్పు గురించిన సెక్షను తీసి, సభ్యుల్లో ఎన్నికైనవారు ఎందరు, నామినేట్ అయినవారు ఎందరు, హోదా రీత్యా వచ్చినవారు ఎందరో మూడు వరుసల్లో రాయండి. విద్యార్థులకు ఒక స్థానమైనా ఉందో లేదో చూడండి. ఆ కాగితాన్ని తరువాతి సంపర్క తరగతికి తెచ్చుకోండి.